చంటిబిడ్డతో గుడారంలో మూడు రాత్రులు

కుప్పనూర్పులు అయిపోయి, సంక్రాంతి వెళ్లి, రైతు చేతికి కాస్త తీరిక దొరికే దినాలు వచ్చేసరికి మన పల్లెలలో కూటాల కరపత్రాలు కనబడుతాయి. ఏ సంఘం ఏ లారీలో బయలుదేరుతుంది, మనిషికి చందా ఎంత, ఇంటికి బియ్యం ఎన్ని కిలోలు, చాపలు ఎవరు తేవాలి అనే మాటలు ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత చర్చి గుమ్మం దగ్గరే మొదలవుతాయి. ఆ గుంపుకు కొంచెం ఎడంగా, చంకలో బిడ్డను వేసుకొని నిలబడిన తల్లిని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా, "నీకెందుకమ్మా ఈ మంచులో చంటిదాన్ని వేసుకొని? వచ్చే ఏడు చూద్దాంలే" అంటారు. వచ్చే ఏటికి మరొక బిడ్డ చంకనెక్కుతుంది. ఈ విధంగా వరుసగా అయిదారేండ్లు కూటాలకు దూరమైన తల్లులు ప్రతి సంఘంలోను ఉన్నారు.

మేము రెండుసార్లు చంటిబిడ్డతో గుడారంలో ఉన్నాము. 2014లో ఒకసారి, 2018లో ఒకసారి. మొదటిసారి మా తెలియనితనం వలన బిడ్డను పోగొట్టుకొనేంత పని అయింది. రెండవసారి ముగ్గురు పిల్లలతో మూడు రాత్రులు ఉండి క్షేమంగా ఇల్లు చేరాము. అంతా సుఖంగా జరిగిందని చెప్పము గాని, వెళ్లినందుకు సంతోషించాము. చంటిపిల్లలున్న ఇండ్లవారికి ఉపయోగపడుతుందని ఆ రెండింటి సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాము.

పిల్లలతో గుడారాలలో దిగడం మనం కనిపెట్టినది కాదు. పర్ణశాలల పండుగలో ఇశ్రాయేలీయులు ఏడు దినాలు కొమ్మలతో వేసిన పాకలలో ఉండాలని లేవీయకాండం 23వ అధ్యాయంలో చదువుతాము. ఏడేండ్లకొకసారి అదే పండుగలో ధర్మశాస్త్రం చదివి వినిపించేటప్పుడు పురుషులను, స్త్రీలను మాత్రమే కాదు, పిల్లలను కూడా పోగుచేయమని ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయంలో ఉన్నది. యోవేలు ప్రవక్తయితే చన్ను తాగే బిడ్డలను కూడా లెక్కలో చేర్చాడు. మన తెలుగు దేశంలో పందిళ్లు వేసి, కుటుంబాలు కుటుంబాలుగా దిగి, కలిసి వండుకొని తినే పెద్ద కూటాలు అనగానే పెద్దలకు భక్తసింగ్ గారి పేరు గుర్తుకు వస్తుంది. ఆయన హోలీ కన్వొకేషన్‌లు 1941లో మద్రాసులో ఆరంభమయ్యాయి. తరువాత హైదరాబాదు హెబ్రోనులో జరిగినవాటికి వేలమంది వచ్చేవారు. ఆ వేలమందిలో చంటిబిడ్డల తల్లులు ఎందరో ఉండి ఉంటారు. వారు రాత్రులు ఎలా గడిపారో ఎవరైనా రాసిపెడితే ఎంత మేలయ్యేది!

మొదటిసారి

2014 జనవరిలో మా పెద్దవాడికి నాలుగేండ్లు. అమ్మాయికి ఎనిమిది నెలలు. కూటాల స్థలం కాలువ గట్టు పక్కన ఒక మామిడి తోట. మేము వెళ్లేసరికి పొద్దు గూకింది. ఎత్తు స్థలాలన్నీ ముందుగా వచ్చినవారు పట్టుకున్నారు. వంటశాల వెనుక, గిన్నెలు కడిగిన నీళ్లు పారే పల్లంలో మాకు చోటు దొరికింది. పౌలు గారి చేతిపని డేరాలు కుట్టడమని సండేస్కూలులో నేర్చుకున్నాము గాని గుంజ పాతడం ఎవరూ నేర్పలేదు. నాలుగు వెదుళ్లు నాటి, మీద నీలం పట్టా కప్పి, తాళ్లు ఎలాగో కట్టాము. కింద రెండు పిడికిళ్ల గడ్డి పరచి చాప వేశాము.

ఆ రాత్రి మంచు కురిసింది. పట్టాకు లోపలివైపు మా ఊపిరి తడి చేరి తెల్లవారుజామున బొట్లు బొట్లుగా మా మీదనే పడింది. పైన రెండు దుప్పట్లు కప్పుకున్నా కిందనుండి నేల చలి ఎముకలలోకి ఎక్కింది. పిల్లలిద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. ఇది కష్టమే గాని ప్రమాదం కాదు. ప్రమాదం మరుసటి దినం వచ్చింది.

పందిట్లో తాగేనీళ్లకు ఒక పెద్ద డ్రమ్ము పెట్టారు. దాని మీద ఒక మగ్గు తేలుతూ ఉంటుంది. వచ్చినవారంతా అందులో చెయ్యి ముంచి తాగుతారు. మేము ఆ నీళ్లతోనే పాలపొడి కలిపి సీసాలో పోసి బిడ్డకు పట్టాము. ఇంటి దగ్గర తల్లిపాలు తాగే బిడ్డకు సీసా ఎందుకంటారా? పందిట్లో అంతమందిలో పాలియ్యడానికి సిగ్గు, గుడారానికి నడిచి వెళ్తే వాక్యం పోతుందని ఆశ. పగలంతా సీసా ఒక్కటే. దాన్ని మధ్యలో అదే నీళ్లతో తొలిచాము.

రెండవ దినం మధ్యాహ్నానికి విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి లెక్క మరచిపోయాము. మా అత్తయ్యగారు ప్రేమకొద్దీ, "పాలు ఆపండర్రా, కడుపు కాస్త ఆరనివ్వండి" అన్నారు. ఆపాము. ఎవరో తోట బయట కొట్టులో ఓఆర్ఎస్ అమ్ముతున్నారని చెప్పారు. పరుగున వెళ్లి రెండు అట్టపెట్టెలు కొనుక్కొచ్చాము. మీద ఆ మూడు అక్షరాలు ఉన్నాయి, పండ్ల బొమ్మ ఉన్నది, రుచి తియ్యగా ఉన్నది. బిడ్డ ఇష్టంగా తాగింది. మేము స్తోత్రం చెప్పుకొని పడుకున్నాము. విరేచనాలు తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి.

రాత్రి మూడు గంటలవేళ బిడ్డ ఏడుపు ఆపింది. నిద్రపోయిందనుకున్నాము. పక్క గుడారంలో, ఒకప్పుడు మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన ఒక మామ్మగారు ఉన్నారు. ఆమె టార్చిలైటు పట్టుకొని మా గుడారంలోకి వచ్చి, మేము ఏమీ చెప్పకముందే బిడ్డ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. ఆ మడత వెంటనే పోలేదు, మెల్లగా దిగింది. కండ్లు గుంటలు పడ్డాయి. నడినెత్తి మాడు లోపలికి పోయింది. "ఎప్పుడు ఒంటేలు పోసింది?" అని అడిగారు. మాకు తెలియదు. "అబ్బాయ్, నూట ఎనిమిదికి ఫోను చెయ్యి. ప్రార్థన దారిలో చేసుకుందువుగాని" అన్నారు.

అంబులెన్సు వచ్చేలోగా ఆమె తన సంచిలోనుండి ఓఆర్ఎస్ పొడి తీసి, కాచిన నీళ్లలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా బిడ్డ నోట్లో పోస్తూనే ఉన్నారు. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టారు. మా అట్టపెట్టెను చూసి, "ఇది మందు కాదమ్మా, షర్బత్తు. చక్కెర ఎక్కువైతే పేగులోకి ఇంకా నీరు లాగుతుంది" అని మాత్రం అన్నారు. ఆసుపత్రిలో రెండు దినాలు సెలైను పెట్టారు. దేవుని కృప వలన బిడ్డ దక్కింది. ముగింపు కూటానికి మేము లేము.

ఆ పొడి సంగతి

ఓఆర్ఎస్ పొడి కూడా ఒక గుడారాల శిబిరంలోనే తన విలువ చూపించిందని మాకు తరువాత తెలిసింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలమంది కాందిశీకులు పశ్చిమ బెంగాలుకు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైను సీసాలు అయిపోవస్తున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ములలో పోయించి, బిడ్డలకు తాగించడం తల్లులకు, తోడు వచ్చినవారికి నేర్పించారు. నూటికి ముప్పైమంది వరకు చనిపోతున్న చోట చావులు నూటికి నలుగురికన్న తక్కువకు దిగాయి. ఆయన 2022లో చనిపోయారు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇక మేము కొన్న తియ్యని పెట్టెల విషయం. అటువంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు ఉండకూడదని హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఉత్తరువు ఇచ్చింది. ఉత్తరువు వచ్చినా పల్లె కొట్టులో పాత సరుకు ఉండవచ్చు. కనుక పెట్టె కొనకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే కొనండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను, ఆశా కార్యకర్త దగ్గరను ఉచితంగా దొరుకుతుంది. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లకు, చిన్న ప్యాకెట్టు ఒక గ్లాసుకు. మీద ఎంత రాసి ఉంటే అంతే నీళ్లు పోయాలి. సగం పొడి, అందాజు నీళ్లు అనే పద్ధతి వద్దు. కలిపినది ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయాలి. పొడి దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. రెండేండ్లలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారి పావు గ్లాసు నుండి అర గ్లాసు వరకు, చెంచాతో మెల్లగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. మా అత్తయ్యగారు ఇప్పుడు ఈ మాట మాకంటె గట్టిగా నలుగురికీ చెబుతారు. జింకు బిళ్లలు కూడా పద్నాలుగు దినాలు వేస్తారు, ఆరోగ్య కేంద్రంలో అడగండి. మలంలో రక్తం కనబడినా, తాగినదంతా కక్కుతున్నా, బిడ్డ మగతగా ఉన్నా, ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా గుడారంలో కూర్చోవద్దు.

రెండవసారి

2018లో మూడవవాడికి ఏడు నెలలు. కూటాలు వస్తున్నాయనగానే ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పెద్దవాడు ఎనిమిదేండ్లవాడు, వాడే అడిగాడు. "అమ్మ రాకపోతే నేనూ రాను" అన్నాడు. నాలుగేండ్లు అమ్మ ఇంట్లోనే ఉండిపోయిందని వాడు లెక్కపెట్టుకున్నాడు కాబోలు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాము. మొదట మామ్మగారి ఊరికి వెళ్లి ఆమెను అడిగాము. ఆమె నవ్వి, "మూడు నెలలు నిండని బిడ్డయితే వద్దనేదాన్ని. వీడు ఏడు నెలలవాడు. టీకాలు వేయించారా?" అన్నారు. రోటావైరస్ చుక్కలను ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రభుత్వమే ఉచితంగా వేస్తున్నది. మా అమ్మాయికి ఆ భాగ్యం లేకపోయింది, వీడికి మూడు మోతాదులూ పడ్డాయి. తట్టు టీకాకు మాత్రం తొమ్మిది నెలలు నిండాలి. అందుచేత దగ్గు, ఒళ్లంతా పొక్కులు ఉన్న పిల్లల దగ్గరకు వీడిని తీసుకుపోవద్దని ఆమె గట్టిగా చెప్పారు. మూడు నెలలలోపు బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే ఇంటి మందు వేయకుండా నేరుగా డాక్టరు దగ్గరకు పోవాలట. అంత పసిగుడ్డును ఆ జనంలోకి తీసుకుపోవద్దనేదే మా అభిప్రాయం కూడా.

ఈసారి లారీ కోసం చూడకుండా ఉదయం బస్సుకే వెళ్లాము. పొద్దు నడినెత్తికి రాకముందే తోటలో దిగి, ఎత్తు స్థలం చూసుకున్నాము. వంటశాలకు, మరుగుదొడ్లకు దూరం. మైకు బాకాలకు ఇంకా దూరం, చంటివాడి చెవులు పెద్దవారి చెవులవంటివి కావు. ఎండుకొమ్మ ఉన్న చెట్టు కింద దిగలేదు. గుడారం వీపు గాలి వచ్చే దిక్కుకు, నోరు పందిరివైపుకు పెట్టాము. చుట్టూ బెత్తెడు లోతు కాలువ తీసి, నీరు పోయే దారి పల్లానికి విడిచాము. పట్టాను నాలుగువైపులా మూసేయకుండా పైన చూరు దగ్గర రెండు మూరల సందు వదిలాము. ఆ సందు వలన ఈసారి మంచు లోపల కారలేదు.

అన్నిటికంటె ఎక్కువ మేలు చేసినది గడ్డి. జనవరిలో వరిగడ్డికి కరువేమున్నది? బారెడు మోపులు రెండు తెచ్చి, బాగా దులిపి, జానెడు మందాన పరచి, దానిమీద పాత పట్టా, పట్టా మీద చాప, చాప మీద బొంత వేశాము. పైన కప్పుకొనేదానికంటె కింద పరచినదే చలిని ఆపుతుందని మొదటిసారి తెలియలేదు. బిడ్డకు ముందు నూలు చొక్కా, దానిమీద స్వెట్టరు, కాళ్లకు మేజోళ్లు, తలకు టోపీ. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడి మూడు దుప్పట్లు కప్పేవారిని చూశాము. మెడ వెనుక చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు, చెమట పడితే ఒకటి తీసేయాలి. ముఖం మీదికి బరువైన దుప్పటి రాకూడదు.

దోమతెర సంగతి చెప్పాలి. మేము దాన్ని దోమలకని తీసుకుపోలేదు. నేలమీద పడుకొనేవారిని రాత్రివేళ కాటు వేసేది ఎక్కువగా కట్లపాము. ఆ కాటు నొప్పి కూడా తెలియదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనబడుతాయి. తెర అంచులు చాప కిందికి గట్టిగా దోపితే పాము, తేలు, జెర్రి ఏదీ లోపలికి రాదు. ఇంటిల్లిపాదికీ సరిపోయే పెద్ద తెర గుడారపు గెడలకే కట్టాము. రాత్రి ఒంటేలుకు లేచిన ప్రతిసారి టార్చి వేసి, మళ్లీ అంచులు దోపుకున్నాము. మూడు రాత్రులు మా పెద్దవాడే ఆ పనికి కాపలాదారు. పాము కరిచినట్టు అనుమానం కలిగితే మంత్రానికి, రాయి పెట్టడానికి, కోసి రక్తం తీయడానికి పోకుండా, కదలనివ్వకుండా విషానికి విరుగుడు ఇంజక్షను ఉండే ఆసుపత్రికి తీసుకుపోవడమే.

గడ్డి ఉన్న చోట నిప్పు ఉండకూడదు. రెండవ రాత్రి చలి పెరిగింది. మాకు రెండు గుడారాల అవతల ఒక కుటుంబంవారు కుంపటిలో బొగ్గులు రగిలించి, పట్టా నాలుగువైపులా దించి పడుకోబోతున్నారు. మేము వెళ్లి చెప్పడానికి మొదట సందేహించాము, పెద్దవారు గదా. చివరకు మామ్మగారినే వెంటబెట్టుకొని వెళ్లాము. "అన్నయ్యగారూ, మంట లేకపోయినా బొగ్గులనుండి విషవాయువు వస్తుందండీ. వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పసివాళ్లున్నారు" అని ఆమె నెమ్మదిగా చెప్పారు. ఆయన కాసేపు మా వైపు చూసి, మారుమాట లేకుండా కుంపటి బయటపెట్టారు. తెల్లవారి ఆయన మా గుడారానికి ఒక చెంబు నిండా గేదెపాలు పంపించారు.

నీళ్లకు మూతున్న బిందె, పొడవాటి కాడ ఉన్న గరిటె ఇంటినుండే తీసుకుపోయాము. ఉదయం వంటశాలలో మరిగించిన నీళ్లు పోయించుకొనేవాళ్లం. చెయ్యి ముంచేది లేదు. సీసా లేదు, పాలపొడి లేదు. తల్లిపాలు, కలిపి మెత్తగా చేసిన అన్నం పప్పు, మధ్యలో అరటిపండు. ఉదయం మెదిపిన అన్నం మధ్యాహ్నానికి పనికిరాదు, అప్పటికప్పుడు చేసుకోవాలి. పాలియ్యడానికి గుడారంలో ఒక మూల పాత చీర అడ్డం కట్టాము. సబ్బుబిళ్లకు తాడు కట్టి గుంజకు వేలాడదీసాము. దొడ్డికి వెళ్లివచ్చిన వారెవరైనా దాన్ని దాటిపోవడానికి వీల్లేదు. పిల్లల దొడ్డిని పారతో తీసి గుంటలో వేసి మన్ను కప్పాము. పసిబిడ్డది ఏమవుతుందిలే అని గట్టున పారేసేవారిని చూస్తే మాకు కోపం వచ్చేది. పసిబిడ్డల దొడ్డిలోనే రోగం ఎక్కువ.

అమ్మాయి తప్పిపోవడం

ఇన్ని జాగ్రత్తలు పడి, ఒకటి తప్పాము. మూడవ దినం మధ్యాహ్నం, భోజనాల బంతి లేచిన తరువాత మా అమ్మాయి కనబడలేదు. దానికి అప్పటికి అయిదేండ్లు నిండవస్తున్నాయి. తల్లి, తండ్రి దగ్గర ఉందనుకున్నది. తండ్రి, తల్లి దగ్గర ఉందనుకున్నాడు. యోసేపు మరియలు ఒక దినపు ప్రయాణం అలాగే అనుకొని పోయారని లూకా సువార్తలో చదివినప్పుడెల్లా, అదెలా సాధ్యమా అని ఆశ్చర్యపడేవాళ్లం. ఆ గంటసేపు ఆశ్చర్యం పోయింది.

పక్కనే కాలువ. ఆ మాట ఒకరితో ఒకరం అనుకోలేదు గాని ఇద్దరం ముందు పరుగెత్తినది ఆ గట్టుకే. గట్టు మీద బట్టలుతుకుతున్న స్త్రీలు ఎవరూ పిల్ల రాలేదన్నారు. పందిట్లో మైకులో చెప్పించాము. ఎర్ర గౌను అని చెబితే ఎర్ర గౌన్ల పిల్లలు పదిమంది తేలారు. గుడారాలన్నీ నీలం పట్టాలే. మేము ఆనవాలుకని మా గెడకు పసుపు గుడ్డ కట్టి పిల్లలకు చూపించాము. ఆ తెలివి మరి నలుగురికి కూడా వచ్చింది! పసుపు గుడ్డలు నాలుగున్నాయి. తరువాత తెలిసినదేమంటే, అమ్మాయి పసుపు గుడ్డ చూసుకొనే వెళ్లింది. ఒక గుడారంలో దూరి, అది మనది కాదని గ్రహించి, ఏడుస్తూ వంటశాల చేరింది. అక్కడ కూరగాయలు తరిగే తల్లులు దాన్ని కూర్చోబెట్టి బెల్లంముక్క చేతికిచ్చి పేరు అడిగితే చెప్పింది. నాన్న పేరేమిటంటే "నాన్న" అన్నది. ఏ ఊరంటే "మా ఊరు" అన్నది.

దాన్ని కనిపెట్టినది మా పెద్దవాడు. "చెల్లికి ఆకలేస్తే వంటదగ్గరికే పోతుంది" అని ఎవరికీ చెప్పకుండా వెళ్లి తీసుకొచ్చాడు. గంటన్నర గడిచింది. ఆ సాయంత్రమే గౌను లోపలి మడతలో బాల్‌పెన్నుతో తండ్రి పేరు, ఊరు, సెల్‌ఫోను నంబరు రాశాము. బయటికి కనబడేటట్టు రాయకూడదు, పేరు చదివి పిలిచేవాడు మంచివాడేనని చెప్పలేము. పిల్లను ఒకరి చేతిలోనుండి మరొకరి చేతికి ఇచ్చేటప్పుడు "ఇదిగో, నీ దగ్గర" అని పైకి చెప్పే అలవాటు కూడా ఆ దినమే చేసుకున్నాము. ఇప్పుడు సంతలోను అదే పద్ధతి.

తల్లి వాక్యం విన్నదా?

ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అక్కలు అడిగారు. నిజం చెప్పాలంటే అన్నీ వినలేదు. ఉదయపు కూటంలో బిడ్డ నిద్రపోతాడు గనుక తల్లి వెళ్లేది. మధ్యాహ్నం కూటానికి తండ్రి బిడ్డతో గుడారంలో ఉండేవాడు. రాత్రి కూటం వంతులవారీగా. తండ్రి చంటివాడి గుడ్డలు ఉతికి తాటిమీద ఆరేస్తుంటే, ఆ దారిన పోయే సహోదరులు కొందరు, "ఏంటి బాబూ, ఉద్యోగం మారిందా?" అని నవ్వారు. నవ్వనివ్వండి. అంతకుముందు నాలుగేండ్లు ముందు వరుసలో కూర్చొని విన్న వాక్యాలన్నిటికంటె ఆ గుడ్డలు ఉతికేటప్పుడు దూరంనుండి వినబడిన ఒక పాట తనకు ఎక్కువగా జ్ఞాపకమున్నదని ఆయనే అంటాడు.

సంఘపెద్దలకు ఒక మనవి చేసుకుంటాము. పందిరికి ఒకవైపు, మాటలు వినబడేంత దగ్గరగా, మైకు హోరు లేనంత దూరంగా తల్లులకొక చాటు పాక వేయించండి. నాలుగు తడికెలు, ఒక లైటు చాలు. అందులో కాచిన నీళ్లు, ఒక పెట్టెలో ఓఆర్ఎస్ పొడి, ఒక జ్వరమానిక, ఎవరైనా నర్సు అమ్మగారు. తాగేనీళ్ల డ్రమ్ముకు మగ్గు తీసేసి కుళాయి బిగించండి. కాలువ వైపు తడికె కట్టించండి. గాయకబృందం వేదికకు పెట్టే అలంకరణ ఖర్చులో సగం కూడా కాదు. మా కూటాలవారిని మేము అడిగాము. మరుసటి ఏడు కుళాయి వచ్చింది. తల్లుల పాక ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాము.

నాలుగవ దినం ఉదయం తాళ్లు విప్పాము. తాళ్లకు పొడుగునా తెల్లగుడ్డ పీలికలు కట్టి ఉంచాము, చీకట్లో పిల్లలు తట్టుకొని పడకుండా. అయినా తండ్రిగారే రెండుసార్లు పడ్డారు. గుంజలు పీకిన గుంటలు పూడ్చి, గడ్డిని మోపుకట్టి తోటవారి గేదెలకు వేశాము. మామ్మగారు బిడ్డ మెడ వెనుక చెయ్యి పెట్టి చూసి, అమ్మాయి చెయ్యి పట్టుకొని, "నాలుగేండ్ల కింద దీని ముఖం నాకు రాత్రులు కనబడేది" అని బస్సు వచ్చేదాకా మాతోనే నిలబడ్డారు.

ఇల్లు చేరిన సాయంత్రం వంట పనిలో పడి పిల్లల అలికిడి గమనించలేదు. వసారాలోకి వెళ్లి చూస్తే, పెద్దవాడు రెండు కుర్చీలకు అడ్డంగా అమ్మ చీర కప్పి అంచులు చాప కిందికి దోపుతున్నాడు. లోపల చంటివాడు బోర్లాపడి ఆడుకుంటున్నాడు. బయట గుమ్మం దగ్గర అమ్మాయి సబ్బుబిళ్ల పట్టుకొని నిలబడి, "నాన్నా, చేతులు కడుక్కొంటేనే లోపలికి రా" అన్నది.